చెక్క నేల – అద్దె ఇల్లు

“ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు” అన్నారు పెద్దలు. చదువు కోసమో, కొలువు కోసమో ఊరు విడిచే నేటి యువతకు ఇల్లు కట్టడానికి ముందే మరొక పరీక్ష ఎదురవుతుంది. అదే ఇల్లు అద్దెకు తీసుకోవడం.

ఖమ్మం దాటి భద్రాచలం వైపు సాగేకొద్దీ టేకు, మద్ది, ఏగిస వృక్షాలు గల అడవులు కనిపిస్తాయి. ఇంత కలప నడుమ నివసిస్తూ కూడా ఇక్కడి ప్రజలు దానిని ద్వారబంధాలకు, తలుపులకు, దూలాలకు వాడుకున్నారే గాని సాధారణంగా నేలపై పరచలేదు. కోయగూడేలలో మట్టి నేలను పేడతో అలుకుతారు. పట్టణాలలో నాపరాళ్ళు, గ్రానైటు బండలు పరుస్తారు. వానాకాలపు చెమ్మ, చెదపురుగు చెక్కకు శత్రువులు. గోదావరి ఒడ్డున వరద మూడవ శత్రువు. భద్రాచలం వద్ద మూడవ ప్రమాద హెచ్చరిక 53 అడుగులు కాగా, నీటిమట్టం 1986 ఆగస్టులో 75.6 అడుగులకు, 2022 జూలైలో 71.3 అడుగులకు చేరింది. వరద తీసిన తరువాత బండల నేలను కడుక్కోవచ్చు. నీటికి ఉబ్బి వంగిన చెక్కను మునుపటిలా చదును చేయడం కష్టం.

ఇటువంటి ప్రాంతం నుండి హైదరాబాదు చేరినవారికి, అమెరికాకు చదువుకు వెళ్ళినవారికి అద్దె ఇంటిలోని చెక్క నేల కొత్తగా తోస్తుంది. అయితే చెక్కలా కనిపించేదంతా ఒకటి కాదు. టేకు, ఓక్ వంటి వెడల్పు ఆకుల చెట్ల నుండి లభించేది గట్టి కలప. దాని పలకలపై గీతలు పడితే ఇసుక కాగితంతో రుద్ది మరల మెరుగు పూయవచ్చు. లామినేట్ పలక అలా కాదు. చెక్క నారను అదిమి తయారుచేసిన అట్టపై చెక్క చారలను ముద్రించిన పలుచని పొర ఉంటుంది. ఆ పొర చెడితే పలకనే మార్చాలి.

పండుగ వచ్చిందంటే బిందెలతో నీళ్ళు పోసి ఇల్లు కడగడం మన ఆచారం. చెక్క నేలకు అదే కీడు. అతుకులలో దిగిన నీరు పలకలను ఉబ్బిస్తుంది. గట్టిగా పిండిన గుడ్డతో తుడిచి, వెంటనే ఆరనివ్వాలి. మంచాలు, బల్లల కాళ్ళ కింద మెత్తని గుడ్డ అతికించాలి.

అద్దెకున్నవారి బాధ్యతకు హద్దు ఉన్నదా? ఉన్నది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం, కిరాయిదారు ఇంటిని తాను తీసుకున్న స్థితిలోనే అప్పగించాలి. కాని సహజమైన అరుగుదలకు అతడు బాధ్యుడు కాడు. నడకదారిలో మెరుగు మాయడం అరుగుదల. మంచం ఈడ్చగా పడిన లోతైన గాటు నష్టం. ఈ తేడా తెలియనివారే అడ్వాన్సు సొమ్ము పోగొట్టుకుంటారు. మిర్చి పంట అమ్మి తండ్రి పంపిన డబ్బులో అది పెద్ద భాగం కావచ్చు.

కనుక ఇంటిలో చేరిన నాడే ప్రతి గది నేలను పరిశీలించాలి. అంతకుముందే ఉన్న గీతలను, మరకలను తేదీతో ఫోటోలు తీసి, జాబితా వ్రాసి, యజమానితో సంతకం చేయించుకోవాలి. అడ్వాన్సుకు రశీదు పొందాలి. ఏడాదికి మించిన గడువు గల ఒప్పందాన్ని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం రిజిస్టరు చేయించాలి. అందుకే 11 నెలల పత్రాలు వాడుకలో ఉన్నాయి. అమెరికాలో ఈ నియమాలు రాష్ట్రానికొక తీరుగా ఉంటాయి. న్యూయార్కులో 2019 చట్టం ప్రకారం సాధారణంగా ఒక నెల అద్దెకు మించి డిపాజిట్ తీసుకోరాదు. ఇల్లు ఖాళీ చేసిన 14 రోజులలో కోతల వివరాలతో మిగిలిన సొమ్ము తిరిగి ఇవ్వాలి.

మాట మీద నమ్మకం మంచిదే. అయితే కొత్త ఊరిలో ఆ మాటకు కాగితం తోడు కావాలి. ఆ కాగితాన్ని సంతకానికి ముందే పూర్తిగా చదవాలి.

ప్రశ్నలు

1. గోదావరి తీరవాసులు నేలకు చెక్క పరచకపోవడానికి గల కారణాలను వివరించండి.
2. అరుగుదలకు, నష్టానికి గల భేదాన్ని సోదాహరణంగా తెలపండి.