జకార్తాలో స్వర్ణం
మలక్‌పేట గల్లీలలో బంతి తన్నే బాలురలో ఎందరికి సయ్యద్ అబ్దుల్ రహీం పేరు తెలుసు? హైదరాబాదు సిటీ పోలీసు జట్టును తీర్చిదిద్దిన ఆయన తొలుత ఉపాధ్యాయుడు. 1962 జకార్తా ఆసియా క్రీడలలో భారత ఫుట్‌బాల్ శిక్షకుడూ ఆయనే. తొలి పోటీలోనే మన జట్టు దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడింది. పైగా ఇజ్రాయెల్, తైవాన్‌లను ఆతిథ్య దేశం రానీయకపోవడాన్ని మన దేశీయుడైన సోంధి ఆక్షేపించినందుకు ప్రేక్షకులు మనవారిపై ఆగ్రహించి ఉన్నారు. సెప్టెంబరు 4న అంతిమ పోరులో మళ్లీ ఆ కొరియాయే ఎదురైంది. తలకు గాయమైన రక్షణ ఆటగాడు జర్నైల్ సింగ్‌ను రహీం ముందు వరుసలో ఆడించారు. ఎంతటి సాహసం! పి.కె. బెనర్జీ, జర్నైల్ చెరొక గోలు చేయగా 2-1తో స్వర్ణం మనదైంది. ఆనాటి పదకొండుగురిలో సికింద్రాబాదు చెంత అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం ఒకరు. ఏడాది తిరగకముందే, 1963 జూన్ 11న, క్యాన్సర్‌తో రహీం కన్నుమూశారు.