ప్రవేశపరీక్ష ఏ భాషలో వ్రాయవలెను?

మన పాఠశాలలో తొమ్మిదవ, పదవ తరగతులు చదువుచున్న బాలబాలికలలో వైద్యవిద్య నభ్యసింపగోరువారు పలువురు గలరు. ఆ విద్యకు ద్వారము 'నీట్' అను జాతీయ ప్రవేశపరీక్ష. దానికి ఇంకను రెండు మూడేండ్ల వ్యవధి యున్నదని తలిదండ్రులు నిశ్చింతగా నుందురు. పాఠముల మాట యెట్లున్నను, పరీక్షను ఏ భాషలో వ్రాయవలెనను ప్రశ్నను మాత్రము మనవంటివారు ముందుగనే ఆలోచింపవలెను.

నీట్ ప్రశ్నపత్రము 2021 నుండి 13 భాషలలో వెలువడినది. వానిలో తెలుగు ఒకటి. ఆంగ్లపత్రము దేశమంతట లభించును గాని, ప్రాంతీయభాషల పత్రములు ఆయా రాష్ట్రములకు కేటాయింపబడినవి. 2024 సమాచారపత్రము ననుసరించి తెలుగుపత్రము ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కేంద్రములలో ఇవ్వబడినది. కావున బెంగళూరులోనో, చెన్నైలోనో, బరంపురములోనో పరీక్ష వ్రాయువాడు ఆంగ్లమునకు సిద్ధపడవలెను; తెలుగు కావలెనన్నచో తిరుపతికో, కర్నూలుకో, విశాఖపట్టణమునకో ప్రయాణము చేయవలెను. దరఖాస్తు నింపునాటికే ఈ నిర్ణయము జరిగియుండవలెను. ఆ యేటి సమాచారపత్రమును తలిదండ్రులు స్వయముగా చదివి చూచుట మేలు.

తెలుగుపత్రము కోరినవారికి ప్రశ్నలు తెలుగులోను ఆంగ్లములోను ఉండును. అనువాదములో సందేహము వచ్చినచో ఆంగ్లపాఠమే ప్రమాణము. అనగా ఏ మార్గమున పోయినను ఆంగ్ల శాస్త్రపదములు తెలియక తప్పదు. అందులకై తెలుగును విడిచిపెట్టుమని మేము చెప్పము. విషయమును తెలుగులో గ్రహించి, దాని పేరును రెండు భాషలలోను నేర్చుకొనుడని మా సలహా.

దీనికొక సులభోపాయము గలదు. ఒక నోటుపుస్తకమున మూడు గడులు గీయుడు. మొదటి గడిలో తెలుగు పదము, రెండవదానిలో ఆంగ్లపదము, మూడవదానిలో ఒక ఉదాహరణము వ్రాయుడు. 'వడి' అనునది ఆంగ్లమున స్పీడ్. 'వేగము' అనునది వెలాసిటీ. ఇంటిలో మనము రెంటిని వేగమనియే అందుము. శాస్త్రములో అట్లు కాదు. 400 మీటర్ల బాటపై ఒక బాలుడు 80 సెకనులలో ఒక చుట్టు తిరిగి బయలుదేరిన చోటికే వచ్చెననుకొనుడు. అతని సగటు వడి సెకనునకు 5 మీటర్లు. సగటు వేగము మాత్రము సున్న. ఏలయన అతని స్థానభ్రంశము సున్న. ఈ భేదము తెలిసినవాడు ఏ భాషలో అడిగినను తడబడడు. రోజునకు మూడు పదములు చొప్పున వ్రాసినను ఏడాదిలో వేయి పదములకు మించును.

రెండవ విషయము ప్రశ్నను చదువు తీరు. 2025 పరీక్షలో 180 నిమిషములకు 180 ప్రశ్నలు: భౌతికశాస్త్రము 45, రసాయనశాస్త్రము 45, జీవశాస్త్రము 90. సరియైన జవాబునకు 4 మార్కులు కలుపుదురు. తప్పునకు 1 మార్కు తీసివేయుదురు. "క్రిందివానిలో సరికానిది ఏది?" అను ప్రశ్నలో 'కాని' అను రెండక్షరములు కంటబడనిచో, తెలిసిన జవాబే తప్పగును. అప్పుడు పోవునది ఒక మార్కు కాదు. రావలసిన నాలుగును, కోతపడిన ఒకటియు కలిసి అయిదు. ఆంగ్లమున 'నాట్', 'ఎక్సెప్ట్' అను పదములును ఇట్టివే. అట్టి పదము క్రింద గీత గీయు అలవాటు ఇప్పటినుండియే చేసికొనవలెను.

వారమునకొకసారి పది ప్రశ్నలు తీసికొని, గడియారము ముందుంచుకొని, పది నిమిషములలో జవాబులు వ్రాయుడు. మొదట తెలుగు ప్రశ్నలు, కొన్నాళ్లకు ఆంగ్ల ప్రశ్నలు. ఏ భాషలో ఎన్ని తప్పులు పోయినవో, ఎంతకాలము పట్టినదో గుర్తు పెట్టుకొనినచో, పదునొకండవ తరగతిలో చేరునాటికి భాషానిర్ణయము ఊహపై గాక అనుభవముపై నిలుచును. ఎన్.సి.ఇ.ఆర్.టి. వారి ఆంగ్ల విజ్ఞానశాస్త్ర పుస్తకములు వారి వెబ్‌సైటులో ఉచితముగా లభించును. మన తెలుగు పాఠ్యపుస్తకములో ఒక పాఠము ముగియగనే ఆ విషయమునే వానిలో చదువవచ్చును.

తలిదండ్రులకొక మనవి. ఆంగ్లము రాదని మీరు దూరముగా నుండనక్కరలేదు. నాటి పాఠమును తెలుగులో మీకు చెప్పుమని రాత్రి భోజనమైన పిమ్మట బిడ్డ నడుగుడు. మీకు బోధపడునట్లు చెప్పగలిగినచో ఆ పాఠము వచ్చినట్లే. చెప్పుచు చెప్పుచు ఆగిపోయినచో, మరునాడు ఉపాధ్యాయుని అడుగవలసిన చోటు అదియే.