గుండె కవాటములు: చికిత్స, జాగ్రత్తలు

మోటారుతో బావినీరు తోడు రైతునకు ఫుట్‌వాల్వు సంగతి తెలియును. అది చెడినచో గొట్టములోని నీరు తిరిగి బావిలోనికి జారిపోవును. మన గుండెలోను ఇట్టివే 4 కవాటములు గలవు. అవి రక్తమును ముందునకే పోనిచ్చును. అవి బిగుసుకొనినను, సరిగా మూతపడకున్నను ఆయాసము, కాళ్ళవాపు కలుగును.

మన దేశమున పిన్నవయసువారి కవాటములు చెడుటకు ముఖ్యకారణము కీళ్ళవాత జ్వరము. దీనికి మూలము గొంతునొప్పి కలిగించు ఒక సూక్ష్మజీవి. గాజువాక వంటి పారిశ్రామిక ప్రాంతములలో ఇరుకు గదులలో పలువురు నివసించుచోట ఇది సులభముగా వ్యాపించును. 5 మొదలు 15 సంవత్సరముల పిల్లలకు గొంతునొప్పి వచ్చిన కొన్ని వారములకు జ్వరముతో కీళ్ళు ఒకదాని తరువాత ఒకటి వాచినచో వెంటనే వైద్యునకు చూపవలెను. ఆయన చెప్పినంతకాలము పెనిసిలిన్ సూదిమందు తప్పక వేయించవలెను.

కవాటము చెడినను నిరాశ వలదు. వీలున్నచో శస్త్రచికిత్సతో దానిని సరిచేయుదురు, లేనిచో మార్చుదురు. లోహపు కవాటము చిరకాలము మన్నును; కాని రక్తము గడ్డకట్టకుండ జీవితాంతము మందు మ్రింగుచు, రక్తపరీక్షలు చేయించుకొనుచుండవలెను. జంతువుల కణజాలముతో చేసినది కొన్నేండ్లకు అరిగిపోవును. తిరువనంతపురములోని శ్రీ చిత్ర సంస్థ రూపొందించిన స్వదేశీ కవాటమును 1990లో తొలిసారి రోగికి అమర్చిరి.

గాజువాక వారికి విశాఖపట్టణమున 1923లో ప్రారంభమైన కింగ్ జార్జి ఆసుపత్రి అందుబాటులో నున్నది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకములో ఈ శస్త్రచికిత్సలును చేర్చబడినవి.

శస్త్రచికిత్స జరిగినది గదా యని మందు మానుట ప్రాణాపాయము. పన్ను తీయించుకొనుటకు ముందును, స్త్రీలు గర్భము ధరింపదలచినపుడును కవాటము సంగతి వైద్యునకు తెలుపవలెను. తలిదండ్రులను మేము కోరునది యొక్కటే: పిల్లల గొంతునొప్పిని చిన్నదని ఉపేక్షింపకుడు.