ఖాళీ కుర్చీ, నిండు కుర్చీ

మరమగ్గాల నగరమైన సూరత్‌కు తెలంగాణ జిల్లాల నుండి పద్మశాలి కుటుంబాలు బ్రతుకుతెరువు వెదకుకొనుచు వచ్చినవి. నగరపు ఆగ్నేయభాగమున లింబాయత్, డిండోలి ప్రాంతాలలో తెలుగు మాట వినిపించుటకు కారణమిదే. అక్కడి కార్మికునికి ప్రభుత్వమనగా ముందుగా గుర్తుకు వచ్చునది వార్డు కార్పొరేటరు; మురుగుకాలువ, కుళాయి, వీధిదీపం అన్నియు అతనితోడి పనులే. గెలిచిన పిమ్మట అతడు కనిపించకపోయిన ఓటరు చేయగలిగినదేమి? తదుపరి ఎన్నికల వరకు వేచియుండుటయే. ఓటర్లే తమ కార్పొరేటరును నడుమ దింపివేయు మార్గమును గుజరాత్ చట్టము కల్పించలేదు.

ఇదే గుజరాత్‌లో 1974లో నవనిర్మాణ ఉద్యమం శాసనసభనే రద్దు చేయించినది. స్థానిక ఎన్నికలలో ఓటు వేయుట తప్పనిసరి చేయు చట్టము కూడ ఇచ్చట వచ్చినది. 2015లో హైకోర్టు దాని అమలును నిలిపివేసినది. ఓటు వేయవలసిన బాధ్యతను గూర్చి ఇంత పట్టుదల చూపిన శాసనకర్తలు, వేసిన ఓటును వెనుకకు తీసుకొను హక్కును మాత్రం చట్టమున చేర్చలేదు.

ఈ హక్కునే 'రీకాల్' అందురు. అమెరికాలోని లాస్ ఏంజెలెస్ నగరం 1903లో దీనిని తన నిబంధనావళిలో చేర్చుకొని, మరుసటి యేడే ఒక కౌన్సిలరును తొలగించినది. మన దేశమున మధ్యప్రదేశ్ పురపాలక చట్టము ప్రజలు నేరుగా ఎన్నుకొన్న అధ్యక్షుని విషయమున దీనిని ప్రవేశపెట్టినది. ఓటరు ముందు రెండే గుర్తులు: ఖాళీ కుర్చీ, మనిషి కూర్చున్న కుర్చీ. ఖాళీ కుర్చీకి ఎక్కువ ఓట్లు పడిన అధ్యక్షుడు దిగిపోవలసినదే. అక్షరము రాని వానికి సైతం ఇంతకంటె స్పష్టమైన ప్రశ్న వేయుట కష్టము. 2001లో అనూప్‌పూర్ అధ్యక్షపదవి ఇట్లే ఖాళీ అయినది. ఛత్తీస్‌గఢ్‌లో 2008 జూన్‌లో మూడు పట్టణాల అధ్యక్షులు పదవి కోల్పోయిరి.

అయితే మధ్యప్రదేశ్ విధానమున ప్రతిపాదన పుట్టునది ప్రజలలో కాదు. కౌన్సిలర్లలో నాలుగింట మూడువంతుల మంది సంతకములు చేసి కలెక్టరుకు పంపవలెను. కనుక ప్రజాగ్రహమున్నను కౌన్సిలర్లు కదలనిదే ఓటు జరుగదు; వారి పోరు మాత్రమే ఉన్నను జరుగవచ్చును. బీహార్ 2007 చట్టము వేరు త్రోవ పట్టినది. అచ్చట కౌన్సిలరును తొలగించుటకు వార్డు ఓటర్లలో మూడింట రెండువంతుల మంది సంతకములు కావలెను. హక్కు ప్రజలదే, కాని అన్ని సంతకములు కూడగట్టుట సామాన్యుల శక్తికి మించిన పని.

డిండోలి వంటి చోట మరియొక చిక్కు. 2021 ఎన్నికలలో సూరత్‌కు 30 వార్డులు, 120 స్థానములు. అనగా వార్డుకు నలుగురు. కుళాయి ఎండిపోయినప్పుడు నలుగురిలో ఎవరిని పిలువవలెను? పైగా ఒక మనిషి పేరు ఒకే చోట ఓటర్ల జాబితాలో ఉండవలెనని చట్టము. పేరును కరీంనగర్ జిల్లాలోని స్వగ్రామమున ఉంచుకొని డిండోలిలో మగ్గము నడుపు కార్మికునికి, రేపు రీకాల్ వచ్చినను, ఖాళీ కుర్చీపై ముద్ర వేయు వీలుండదు.