వాన లెక్క ఎవరి దగ్గర ఉండాలి

విశాఖపట్నం

అబ్బాయికి,

ఏటికొప్పాకలో మన పెరట్లో వాతావరణ కేంద్రం పెట్టావని తెలిసి సంతోషించాను. దాని లెక్కలు దాచడానికి కంపెనీ యాప్ చాలా, వీడబ్ల్యూఎక్స్ అనే సాఫ్ట్‌వేరు పెట్టుకోవాలా, వెదర్ అండర్‌గ్రౌండ్ అనే వెబ్‌సైటులో చేరాలా అని అడిగావు. నా ఉద్యోగమంతా తాసీల్దారు ఆఫీసుల్లోనే గడిచింది. పొద్దున్నే రెయిన్‌గేజిలో నీళ్ళు కొలత గ్లాసులో పోసి, చూసి, రిజిస్టర్లో ఎక్కించడం అందులో ఒక పని. అందుకని కంప్యూటరు సంగతి తర్వాత, రిజిస్టరు సంగతి ముందు చెబుతాను.

అసలు ఈ లెక్క ఎవరికి కావాలి? బొమ్మలు చేసే మీ నాన్నకి కావలసింది గాలిలో తేమ. ముసురు పట్టిన వారంలో అంకుడు కర్ర ఎంత ఆరిందో చేత్తో పట్టుకుని చూస్తాడు గానీ, ఏయే రోజుల్లో తేమ ఎంతుందో పక్కన రాసి ఉంటే ఆ అంచనాకి బలం వస్తుంది. పచ్చి కర్ర లేతు మీదకి ఎక్కితే బొమ్మ తర్వాత పగులుతుందని నీకు నేను చెప్పాలా. చెరకు రైతుకి కావలసింది రోజు వాన. ఊరందరికీ కావలసింది వరాహ నది సంగతి. ఆ ఏరు మన ఊళ్ళో కురిసిన దానికి పొంగదు, ఎగువన నర్సీపట్నం వైపు కురిసిన దానికి పొంగుతుంది. అంటే నీ ఒక్క గేజి చాలదు. పైన ఇంకొకరు ఉండాలి, ఇద్దరి లెక్కా ఒకే తీరున ఉండాలి.

ఆ తీరు దగ్గరే చిక్కంతా. వాతావరణ శాఖ దేశమంతటా రోజు వానను పొద్దున 8.30 నుంచి మర్నాడు పొద్దున 8.30 దాకా కడుతుంది. నీ పెట్టె మాత్రం అర్ధరాత్రి కాగానే సున్నాకి వెళ్ళిపోతుంది. రాత్రి పదింటికి పట్టి రెండింటికి వదిలిన 70 మిల్లీమీటర్ల వాన అనుకో. యాప్ దాన్ని రెండు తేదీలకి పంచి చెరో 35 చూపిస్తుంది. శాఖ లెక్కలో 64.5 మిల్లీమీటర్లు, ఆపైన పడితే భారీ వర్షం. నీ యాప్‌లో అదే రెండు మోస్తరు వానలైపోయింది. యలమంచిలి మండలం లెక్కతో నీది ఎన్నడూ కలవదు. తప్పు నీ గేజిది అనుకుని దాన్ని విప్పి కూర్చుంటావు.

కాబట్టి ఏ పద్ధతికైనా నేను పెట్టే మొదటి పరీక్ష ఇదే: అయిదు నిమిషాలకొక వరస చొప్పున, సమయంతో సహా, ముడి లెక్క నీ చేతికి వస్తుందా? వస్తే 8.30 రోజును నువ్వే కట్టుకోవచ్చు. కంపెనీ క్లౌడుల్లో కొన్ని, లెక్కలు పాతబడేకొద్దీ అయిదు నిమిషాల వరసల్ని అరగంటకీ గంటలకీ కుదించేస్తాయి. మూడేళ్ళ తర్వాత ఫలానా రాత్రి ఏ గంటలో ఎంత కురిసిందని అడిగితే చెప్పడానికి ఏమీ మిగలదు. ఆ యాప్‌ని ఫోన్లో చూసుకోవడానికి ఉంచుకో, రిజిస్టరుగా మాత్రం ఒప్పుకోకు.

రిజిస్టరు కింద నా ఓటు వీడబ్ల్యూఎక్స్‌కే. ఉచితం, చిన్న రాస్ప్‌బెర్రీ పై మీద నడుస్తుంది, లెక్కలన్నీ మన ఇంట్లో ఒకే ఎస్‌క్యూలైట్ ఫైల్లో ఉంటాయి. దాని రోజు మొత్తాలు కూడా అర్ధరాత్రి నుంచే మొదలవుతాయి, అయినా ప్రతి వరసా ఉంటుంది గనక ఇబ్బంది లేదు. అందులో సమయం గ్రీనిచ్ లెక్క ప్రకారం సెకన్లలో ఉంటుంది. మన పొద్దున 8.30 అక్కడ సరిగ్గా తెల్లవారుజామున 3 గంటలు. అది గుర్తుంటే క్వెరీ రాయడం నీకెంతసేపు.

మొదటి రోజే ఒకటి చూసుకో. టార్గెట్ యూనిట్ అని ఒక సెట్టింగు ఉంటుంది. ఏమీ మార్చకపోతే అమెరికా కొలతల్లో, అంగుళాల్లో ఫారెన్‌హీట్లో రాస్తుంది. పోనీ అని మెట్రిక్ పెడతావు, వాన సెంటీమీటర్లలో రాస్తుంది! మెట్రిక్‌డబ్ల్యూఎక్స్ అనేదుంది చూడు, దాన్ని పెట్టు. అప్పుడు వాన మిల్లీమీటర్లలో, గాలి సెకనుకి మీటర్లలో వస్తాయి. డేటాబేసు మొదలయ్యాక దీన్ని మార్చడం పెద్ద తతంగం.

ఇక కరెంటు. లెక్క ముఖ్యంగా కావలసిన రోజే కరెంటు ఉండదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు ఇక్కడి డాప్లర్ రాడారే దెబ్బతింది, ఇళ్ళల్లో రోజుల తరబడి దీపం లేదు. అలాంటప్పుడు సొంత జ్ఞాపకం ఉన్న లాగరు విలువ తెలుస్తుంది. డేవిస్ కంపెనీ వాళ్ళ లాగరు 2,560 వరసలు తనలోనే దాచుకుంటుంది, అంటే అయిదు నిమిషాలకొకటి చొప్పున దాదాపు 9 రోజులు. కరెంటు వచ్చి రాస్ప్‌బెర్రీ పై మళ్ళీ లేచాక వీడబ్ల్యూఎక్స్ ఆ వరసలన్నీ లాక్కుంటుంది. కానీ దాని ఖరీదు ఎక్కువ, నువ్వు కొన్న చవక గేట్‌వేలో ఆ సదుపాయం లేదని రాశావు. అయితే గేట్‌వేకి, రూటరుకి, రాస్ప్‌బెర్రీ పైకి కలిపి ఒక చిన్న యూపీఎస్ పెట్టు. ఊరికే కరెంటు పోయి వస్తుంటే పైలోని మెమరీ కార్డు చెడిపోతుంది, లెక్కలూ దానితోనే పోతాయి. రాత్రికోసారి ఆ ఫైలు ఇంకో చోటికి కాపీ అయ్యేలా చూడు.

అప్పటికీ సందులు పడతాయి. పడనీ. సందుని ఖాళీగా వదిలెయ్, సున్నా మాత్రం వెయ్యకు. సున్నా అంటే కొలిచాం, వాన లేదు అని. ఖాళీ అంటే కొలవలేదు అని. ఆఫీసులో నెలాఖరున పై వాళ్ళు గదుముతారని ఖాళీ గడుల్లో సున్నాలు నింపిన రిజిస్టర్లు నేను చూశాను. ఆ కాకిలెక్కల్ని తర్వాత ఎవరూ విడదీయలేరు. వీడబ్ల్యూఎక్స్ రాని కొలతని ఖాళీగానే ఉంచుతుంది, పాడు చేసేది సాధారణంగా మనం ఎక్సెల్లో పెట్టినప్పుడే.

పక్కనే మామూలు చేతి రెయిన్‌గేజి కూడా ఒకటి పాతు. నీ పెట్టెలో ఉన్నవి ఊగే బుడ్లు, ఒకటి నిండితే ఒరిగి రెండోది గరాటా కిందకొస్తుంది. జోరువానలో ఒరిగే ఆ క్షణంలో పడే నీళ్ళు లెక్కకి రావు, అందుకే తుఫాను వానకి అది తక్కువే చూపిస్తుంది. ఆకులు, సాలెగూళ్ళు, మన షెడ్డులోంచి ఎగిరే రంపపు పొట్టు గరాటా గొంతులో కూరుకుంటే ఇక చెప్పనక్కర్లేదు. తేడా కనిపిస్తే సవరించిన అంకె వేరే గడిలో రాసుకో, ముడి అంకెను దిద్దకు. కొబ్బరిచెట్ల కింద, రేకుల కప్పు మీద పెట్టొద్దని వేరే చెప్పాలా? చెట్టెంత ఎత్తో దానికి రెట్టింపు దూరంలో పెట్టు.

పంచుకోవడం నిజానికి తేలిక. వీడబ్ల్యూఎక్స్ ఒకేసారి నాలుగైదు చోట్లకి పంపగలదు. వెదర్ అండర్‌గ్రౌండ్‌కి పంపు, అమెరికా వాళ్ళ పౌర పరిశీలకుల పథకం సీడబ్ల్యూఓపీకీ పంపు, అక్కడ నీ అంకెల్ని చుట్టుపక్కల వాటితో పోల్చి చూస్తారు. అవన్నీ నకళ్ళు, అసలు మన ఇంట్లోదే. ఆ వెదర్ అండర్‌గ్రౌండ్‌నే చూడు. 1995లో మొదలైంది, చేతులు మారి ఐబీఎం కిందకి వెళ్ళింది, 2018లో అందరికీ ఇస్తున్న ఉచిత ఏపీఐ ఆపేస్తున్నట్టు ప్రకటించింది. దాని మీదే కట్టుకున్న వాళ్ళు వేరే దారి వెతుక్కున్నారు. ఇంకొకటి, మ్యాపులో మన ఇంటి గుమ్మం దాకా చూపించక్కర్లేదు. అక్షాంశ రేఖాంశాలు రెండు దశాంశాల దాకా ఇస్తే చాలు.

ఇంటి దగ్గర లెక్క రాసి లోకానికి పంచడం మన వైపు కొత్తేమీ కాదు. గోడే వెంకట జగ్గారావు గారు 1840 ప్రాంతంలోనే ఈ విశాఖలో సొంత ఖర్చుతో వేధశాల పెట్టుకున్నారు. ఆయన తర్వాత అల్లుడు అంకితం వెంకట నరసింగరావు గారు దాన్ని నడిపి, 1874లో శుక్రుడు సూర్యబింబానికి అడ్డంగా దాటడం ఇక్కణ్ణుంచే చూసి లండన్ వాళ్ళకి రాశారు. ఆకాశంతో పాటు వాతావరణం లెక్కలూ రాసిపెట్టారు. ఆ రోజుల్లో ఉత్తరం ఓడెక్కి వెళ్ళాలి, నీకు అయిదు నిమిషాలు.

ఎగువన పెట్టడానికి రెండో సెట్టు మీ బావ డల్లాస్ నుంచి తెస్తానన్నాడట. వద్దను. అక్కడ అమ్మేవి చాలావరకు 915 మెగాహెర్ట్జ్ మీద పలుకుతాయి, మన దేశంలో లైసెన్సు లేకుండా వాడుకోనిచ్చేది 865 నుంచి 868 దాకా. 433 మీద తక్కువ శక్తితో పనిచేసే సెట్లు కూడా ఇక్కడ చెల్లుతాయి, అలాంటిది చూసి కొనండి.

ఊళ్ళో వాళ్ళ కోసం డాష్‌బోర్డు, గ్రాఫులు అంటూ కూర్చోకు. ఎవరూ తెరవరు. రోజూ 8.30 దాటగానే ఊరి వాట్సాప్ గ్రూపులో ఒక్క వాక్యం పడేలా చెయ్యి: గడిచిన 24 గంటల వాన, జూన్ ఒకటి నుంచి మొత్తం, ఎగువ గేజి అంకె. కొలత రాని రోజున "ఈ రోజు కొలత లేదు" అని రావాలి. మీ నాన్నమ్మకి మిల్లీమీటర్లు పట్టవు, ఏ కార్తెలో ఎంత కురిసిందని అడుగుతుంది. ఆవిడ కోసం కార్తె పేరు కూడా చేర్చు.

ఈ నెల పూర్తయ్యాక సీఎస్‌వీ ఫైలు నాకు పంపు. యలమంచిలి ఆఫీసులో మండలం రిజిస్టరు అంకెలు అడిగి తెచ్చుకుని, రెండూ పక్కపక్కన పెట్టి చూస్తాను. కలవని తేదీలు ఏవో ఫోన్లో చెబుతాను. చేతి గేజికి కొలత గ్లాసు దొరక్కపోతే ఇక్కడ ఒకటి కొని పంపిస్తాను, గేజి మూతి వ్యాసం ఎంతో ముందు రాయి. గ్లాసు గేజికి సరిపోకపోతే లెక్కంతా తప్పుతుంది.

మీ పెదనాన్న