మన బచ్చలి మడిలో దొంగలు



వానలు మొదలైన దగ్గర్నుంచి మన హాస్టల్ తోటలో బచ్చలి, చిక్కుడు మొలకలు రాత్రికి రాత్రే మాయమైపోతున్నాయి. కొందరు మేకలు అన్నారు. కొందరు చిన్నపిల్లలు పీకేశారు అన్నారు. ఆరో తరగతి చెల్లెళ్లకు తిట్లు కూడా పడ్డాయి పాపం. తెల్లారగట్ల వెళ్లి చూస్తే ఆకుల మీద, ఇటుకల మీద మెరిసే జిగురు చారలు కనబడ్డాయి. మేక చారలు గియ్యదు కదా! దొంగలు నత్తలు.

మన తోటలో రెండు రకాలున్నాయి. ఒకటి గుల్ల లేని నల్ల నత్త. రెండోది పెద్ద గుల్ల ఉన్నది, దాని పేరు ఆఫ్రికా నత్త. ఇది మన దేశానిది కాదు. 1847లో బెన్సన్ అనే ఆయన మారిషస్ నుంచి తెచ్చి కలకత్తాలో ఒక తోటలో వదిలారట. అక్కడినుంచి పాకి పాకి, మొక్కలతో, మట్టితో దేశమంతా వచ్చేసింది. దీనికి ఆడ, మగ వేరుగా ఉండవు. ప్రతి నత్తా గుడ్లు పెడుతుంది, ఒక్కసారికి వంద పైనే. గుడ్లు చిన్న బఠాణీల్లా తెల్లగా, పసుపుగా మెత్తటి మట్టిలో ఉంటాయి. నాలుక మీద వేల సంఖ్యలో సన్న పళ్లుంటాయి, వాటితో ఆకును గీకి తింటుంది. గుల్ల గట్టిపడాలని గోడ సున్నం కూడా గీకుతుంది. మన స్నానాల గది గోడ చూడండి, తెలుస్తుంది. ఎండాకాలం గుల్ల మూతి మూసుకుని నెలల తరబడి పడుకుంటుంది, చచ్చిపోయిందనుకుంటాం.

ఇప్పుడు నేను చేసిన తప్పు రాస్తాను. ఉప్పు వేస్తే నత్త చస్తుందని విని, వంటగదిలోంచి రెండు గుప్పిళ్ల ఉప్పు అడక్కుండా తెచ్చి మడంతా చల్లేశాను. నాలుగు నత్తలు చచ్చాయి. కానీ వారంలో మిగిలిన చిక్కుడు మొలకలు కూడా వాడిపోయాయి. సైన్సు సారును అడిగితే ద్రవాభిసరణం అన్నారు. ఉప్పు నత్త ఒంట్లోంచి నీళ్లు లాగినట్టే వేర్లలోంచి కూడా లాగేస్తుంది. పరీక్షలో ఆ మాటకు అర్థం రాశాను గానీ మడిలో చూసేదాకా నాకు తెలీలేదు. ఆ మూల ఇంకా ఏమీ మొలవడం లేదు.

తర్వాత మేం ఇలా చేశాం. సాయంత్రం తడి గోనెసంచి మడి పక్కన పరిచి, కింద బొప్పాయి ఆకులు, వంటమ్మ ఇచ్చిన కూర తొక్కలు పెట్టాం. నత్తలకు తడి, చీకటి కావాలి. రాత్రంతా తిని, తెల్లారేసరికి సంచి కిందే దాక్కుంటాయి. మొదటి రోజు సంచి ఎత్తితే 63! అందరం కెవ్వుమన్నాం. చేతికి ప్లాస్టిక్ కవర్ తొడుక్కుని బకెట్‌లో ఏరాం. వంటమ్మ మరిగే నీళ్లు పోసింది. దూరంగా గొయ్యి తీసి పాతేశాం. గుడ్లు దొరికితే చితక్కొట్టి అవీ పాతాం. ఎనిమిదో రోజుకు 11 మాత్రమే దొరికాయి. మొలకల చుట్టూ పొయ్యి బూడిద వేశాం గానీ అది పొడిగా ఉన్నంతసేపే, వాన పడితే దండగ. ఇంకో సంగతి, సాయంత్రం నీళ్లు పోసి రాత్రికి మడి తడిగా ఉంచింది మేమే. ఇప్పుడు పొద్దున్నే పోస్తున్నాం.

ఒట్టి చేతులతో ఎందుకు పట్టుకోకూడదంటే, ఎలుకల ఊపిరితిత్తుల్లో ఉండే ఒక పురుగు, దాని పిల్లలు ఎలుక పెంట ద్వారా నత్తలోకి వస్తాయి. అవి మన కడుపులోకి పోతే మెదడు పొరకు వాపు వస్తుంది. అందుకే ఆకుకూర రెండు మూడుసార్లు కడిగి, బాగా ఉడికించాలి. తోటలో కొత్తిమీర తెంపి అలాగే నోట్లో వేసుకునే వాళ్లు మానెయ్యాలి (నేనూ వేసుకునేదాన్ని). మొన్న ఇద్దరు చెల్లెళ్లు ఆఫ్రికా నత్తల్ని కాల్చుకుందామని దాచారు. మన ఇళ్లలో అమ్మ వరిమడిలో ఏరి ఉడకబెట్టే గుల్లలు వేరు, ఇవి వేరు. వాళ్లను ఎవరూ వెక్కిరించొద్దు, చెప్పకపోతే వాళ్లకెలా తెలుస్తుంది?

బజారులో నత్తలకు మందు బిళ్లలు అమ్ముతారు. మన తోటలో వద్దని నా మనవి. కుక్క తిన్నా, కోడి తిన్నా చస్తుంది. మన వంటగది వెనక కుక్కపిల్లలు మూడున్నాయి. జెముడుకాకి నత్తల్ని పట్టి తింటుంది, దాన్ని రాళ్లతో కొట్టొద్దు. మిణుగురు పురుగు పిల్లలు కూడా నత్తల్ని తింటాయి.

ఈ శనివారం వంతు 7వ గది వాళ్లది. గోనెసంచి బావి గట్టు మీద ఆరేశాను. బకెట్ మాత్రం స్నానానికి తీసుకోవద్దు, దానికి ఎర్ర గుడ్డ కట్టాను.