అమెరికా ఉద్యోగుల ఆరోగ్య బీమా - మసాజ్ థెరపీ
పోటీ పరీక్షల ప్రత్యేకం

అమెరికా కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల ఆరోగ్య బీమా పథకం పేరు ఎఫ్‌ఈహెచ్‌బీ. 1959లో అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ సంతకంతో చట్టమై, 1960 జులైలో అమల్లోకి వచ్చింది.

ముఖ్యాంశాలు
- పర్యవేక్షణ: ఆఫీస్ ఆఫ్ పర్సనల్ మేనేజ్‌మెంట్ (ఓపీఎం).
- ప్రీమియం: ప్లాన్ల సగటు ప్రీమియంలో 72 శాతం వరకు ప్రభుత్వ వాటా. అయితే ఎంచుకున్న ప్లాన్ ప్రీమియంలో 75 శాతం మించదు.
- ప్లాన్ మార్పు: ఏటా నవంబరు-డిసెంబరులో వచ్చే 'ఓపెన్ సీజన్'లో.
- తపాలా ఉద్యోగులకు 2025 జనవరి నుంచి ప్రత్యేక పథకం.

మసాజ్ థెరపీకి వర్తిస్తుందా?
అన్ని ప్లాన్లలో ఒకే నిబంధన లేదు. కొన్ని అసలు చెల్లించవు. చెల్లించేవి సాధారణంగా వైద్య అవసరాన్ని చూస్తాయి, సిటింగ్‌లకు పరిమితి పెడతాయి. బిల్లులో మసాజ్ కోడ్ 97124. ఒక్కో యూనిట్ 15 నిమిషాలు. కేవలం సేదతీరడానికి చేయించుకుంటే ఖర్చు సొంతమే. వృద్ధుల పథకమైన ఒరిజినల్ మెడికేర్ మసాజ్‌కు చెల్లించదు.

పోల్చి చదవండి: మన కేంద్ర ఉద్యోగుల సీజీహెచ్‌ఎస్ 1954లో ఢిల్లీలో మొదలైంది.

మాదిరి ప్రశ్న
ఎఫ్‌ఈహెచ్‌బీని పర్యవేక్షించే సంస్థ ఏది?
1) ఎఫ్‌డీఏ 2) సీడీసీ 3) ఓపీఎం 4) ఐఆర్‌ఎస్
జవాబు: 3